తెర మీది కాంట్రాస్ట్, కంటికి అందే కాంట్రాస్ట్: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

డిజిటల్ ఫోటోలు, తెరలు, వాటి కాంట్రాస్ట్ (వెలుగునీడల తేడా) గురించి విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాలు కొన్ని ఈసారి ఒకచోట చేరాయి. ఒకే బొమ్మ ఒకరికి స్పష్టంగా, మరొకరికి మసకగా ఎందుకు కనిపిస్తుంది, ఆ తేడాను కొలవడం ఎలా అన్నదే వాటన్నిటిలోనూ ఉన్న సందేహం. అందువల్ల శీర్షిక మొత్తాన్ని ఈ విషయానికే కేటాయించాము.

ప్రశ్న: విజయవాడ గవర్నర్‌పేటలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. నా మానిటర్ మీద పెళ్లికొడుకు నల్లకోటు మడతలు, గుండీలు చక్కగా కనిపిస్తాయి. అదే ఫోటో వాట్సాప్‌లో పంపితే పార్టీవాళ్లు ఆరుబయట నిలబడి చూసి, కోటంతా నల్లగా కలిసిపోయింది, కాంట్రాస్ట్ సరిచేయమంటారు. సరిచేసి పంపితే రాత్రి ఇంట్లో చూసుకుని ముఖాలు తెల్లగా వెలిసిపోయాయంటారు. ఫోటోకి కాంట్రాస్ట్ ఇంత అని ఒకసారి కొలిచి తేల్చేసే పద్ధతి ఏదైనా ఉందా?

జవాబు: కొలిచే పద్ధతులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. అయితే అవన్నీ ఫైలులో ఉన్నదానినో, తెర మీదికి వచ్చినదానినో కొలుస్తాయి. మీ పార్టీవాళ్లు ఫిర్యాదు చేస్తున్నది వాళ్ల కంటికి అందిన కాంట్రాస్ట్ గురించి. ఈ రెండింటికీ మధ్య గది వెలుతురు, తెర పరిమాణం, చూసే దూరం, చూసే మనిషి వయసు అన్నీ అడ్డు నిలుస్తాయి కనుక, ఫైలుకు ఒక అంకె ఇచ్చి తేల్చేయడం కుదరదు.

ముందుగా లెక్క సంగతి చూద్దాం. ఒక వస్తువు కాంతికీ, దాని వెనుక ఉన్న నేపథ్యం కాంతికీ ఉన్న తేడాను నేపథ్యం కాంతితో భాగిస్తే వచ్చేది వెబర్ కాంట్రాస్ట్. తెల్ల కాగితం మీది అక్షరాల వంటివాటికి ఇది బాగా సరిపోతుంది. చారలకు మైకెల్సన్ సూత్రం వాడతారు: అత్యధిక, అత్యల్ప కాంతుల తేడాను వాటి మొత్తంతో భాగించడం. ఫోటో మొత్తానికి ఒకే అంకె కావాలంటే పిక్సెళ్ల కాంతి సగటు నుంచి ఎంత చెదిరి ఉందో చూపే ప్రామాణిక విచలనాన్ని తీసుకుంటారు. సాఫ్ట్‌వేర్లు సాధారణంగా ఇచ్చేది ఈ మూడో రకం అంకె. చెదురు ఎంత ఉందో అది చెబుతుంది గాని, అది కోటులో ఉందో ముఖంలో ఉందో చెప్పదు. ఈ లోపాన్ని గమనించే, ఫోటోలో ప్రతి చోటా, ప్రతి పరిమాణంలోని వివరానికీ కాంట్రాస్ట్‌ను విడివిడిగా లెక్కించాలని 1990లో ఎలీ పెలి ప్రతిపాదించారు. ఫోటోల విషయంలో నాకు అన్నిటికంటె సబబుగా తోచే పద్ధతి అదే.

ఇప్పుడు మీ కోటు దగ్గరికే వద్దాం. ఫోటోలో నలుపుకు 0, తెలుపుకు 255గా ఉండే వెలుగు మెట్లలో కోటు మడత మీది వెలుగు భాగం విలువ 30, నీడ భాగం విలువ 20 అనుకుందాం. అదే ఫోటోలో తెల్లపంచె మడతకు 235, 225 అనుకుందాం. రెండుచోట్లా తేడా 10 మెట్లే. కాని ఈ మెట్లు కాంతికి నేరుగా అనుపాతంలో ఉండవు. సాధారణ మానిటర్లు పాటించే ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణం ప్రకారం లెక్కిస్తే, తెర ఇవ్వగల పూర్తి తెలుపులో కోటు భాగాలు సుమారు 1.3 శాతం, 0.7 శాతం కాంతిని, పంచె భాగాలు 83 శాతం, 75 శాతం కాంతిని ఇస్తాయి. అంటే వెబర్ లెక్కలో పంచె మడత కాంట్రాస్ట్ 10 శాతం దాకా ఉంటే, కోటు మడతది ఏకంగా 86 శాతం. మరి కోటే ముందు మాయమవుతున్నదేమిటని మీకు సందేహం రావచ్చు.

ఆ మాయకు కారణం తెర అద్దం మీద పడి తిరిగివచ్చే బయటి వెలుతురు. అద్దం తన మీద పడిన వెలుతురులో 4 శాతాన్ని అన్ని వైపులకూ సమంగా వెదజల్లుతుందని అనుకుంటే, 500 లక్స్ (మీద పడే వెలుతురుకు కొలత) వెలుతురున్న ఆఫీసు గదిలో తెర మీద ప్రతి బిందువుకూ చదరపు మీటరుకు సుమారు 6 క్యాండెలాల (తెర నుంచి కంటివైపు వచ్చే కాంతికి కొలత) అదనపు కాంతి కలుస్తుంది. మీ మానిటర్ పూర్తి తెలుపు 200 క్యాండెలాలైతే, కోటు మడతలోని 2.6, 1.4 క్యాండెలాలు ఈ కలయికతో 9, 7.8 అవుతాయి. 86 శాతం కాస్తా 15 శాతానికి పడిపోతుంది. అయినా కంటికి స్పష్టంగానే ఆనుతుంది. ఇక పార్టీవాళ్లు నిలబడిన ఆరుబయట, చెట్టునీడలోనైనా 10,000 లక్స్ ఉంటుంది. తెలుపు 500 క్యాండెలాలు ఇచ్చే ఫోన్ మీద అప్పుడు 127 క్యాండెలాలు వచ్చి చేరతాయి. కోటు మడత కాంట్రాస్ట్ 2.3 శాతానికి దిగిపోతుంది, పంచె మడతది మాత్రం 8 శాతానికి దగ్గరగా నిలిచి ఉంటుంది. చేతిలో 10 రూపాయలున్నవాడికి మరో 100 కలిస్తే ఉన్న లెక్కంతా తారుమారవుతుంది, 1,000 ఉన్నవాడికి అంతగా తెలియదు. చీకటి భాగాలకూ వెలుగు భాగాలకూ బయటి వెలుతురు చేసేది అదే.

మంచి వెలుతురులో, పెద్ద మచ్చల విషయంలో, మనిషి కన్ను పసిగట్టగల కనీస తేడా సుమారు 1 నుంచి 2 శాతం. సన్నని మడతకు, గుండీ అంచుకు అంతకంటె ఎక్కువ తేడా కావాలి. కాబట్టి 2.3 శాతానికి దిగిన కోటు మీ పార్టీవాళ్లకు నల్లగా కలిసిపోయినట్టు కనిపించడం వాళ్ల పొరపాటు కాదు, మీ పనిలో లోపమూ కాదు. అయితే ఆ ఒక్క మాట విని ఫోటో మొత్తానికి కాంట్రాస్ట్ స్లైడర్ జరపడం మాత్రం మంచిది కాదని నా అభిప్రాయం. ఆ స్లైడర్ చీకటిని ఇంకా చీకటిగా, వెలుగును ఇంకా వెలుగుగా చేస్తుంది. రాత్రి ఇంట్లో చూసినప్పుడు ముఖాలు వెలిసిపోయింది అందువల్లనే. ఫోన్‌లో చూసుకోవడానికి పంపే ప్రతిలో నీడ భాగాలను మాత్రమే పైకి లేపండి. అచ్చు వేసే ప్రతిని దాని నుంచి వేరుగా ఉంచండి. మానిటర్ ఉన్న గదిలో వెలుతురు పగలూ రాత్రీ ఒకేలా ఉండేలా చూసుకోండి, కిటికీ తెరకు ఎదురుగా ఉంటే మందపాటి కర్టెన్ కట్టండి. ఏ కొలత పరికరం కొన్నా, ఈ పని చేయకపోతే దానితో ఒరిగేదేమీ ఉండదు.

ప్రశ్న: గుంటూరులో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఫోటోల కాంట్రాస్ట్ పెంచే ప్రోగ్రామ్ ఒకటి రాసి, ఫలితాలను హాస్టల్ మిత్రులకు చూపించి, 1 నుంచి 10 వరకు మార్కులు వేయమన్నాను. ఇది కొలత కిందికి రాదని మా గైడ్ గారు అన్నారు. మనుషులు కాంట్రాస్ట్‌ను ఎలా గ్రహిస్తున్నారో సరిగ్గా కొలవాలంటే ఏం చేయాలి?

జవాబు: మీ గైడ్ గారు చెప్పినది సరైన మాట. ఒక మిత్రుడి 7కూ, ఇంకొకరి 7కూ పొంతన ఉండదు. మొదటి ఫోటోకి 8 వేసినవారు దానికంటె మంచిది తరువాత వస్తే ఇరుకున పడతారు. పైగా మీరు రాసిన ప్రోగ్రామ్ అని తెలిసిన స్నేహితులు నాలుగు మార్కులు కలిపే వేస్తారు. మనిషి అభిప్రాయాన్ని కాకుండా, మనిషి చూపును ప్రశ్నించే పద్ధతులు వేరే ఉన్నాయి. 1860లో గుస్టావ్ ఫెక్నర్ ప్రచురించిన గ్రంథంతో మనిషి గ్రహింపును కొలిచే ఈ శాస్త్రం ఒక రూపానికి వచ్చింది. ఈనాటి ప్రయోగశాలల పద్ధతులకు పునాది అప్పటిదే.

వాటిలో మీకు పనికివచ్చేది, రెండింటిలో ఒకదానిని తప్పనిసరిగా ఎంచుకోమనే పద్ధతి. బూడిదరంగు తెర మీద ఎడమవైపో కుడివైపో ఒకచోట మాత్రమే సన్నని, లేత చారల ముక్కను చూపిస్తారు. చూసేవారు ‘కనిపించింది’, ‘కనిపించలేదు’ అని చెప్పకూడదు. చారలు ఏ వైపున ఉన్నాయో చెప్పాలి. తెలియకపోయినా ఒకవైపు చెప్పి తీరాలి. జంకేవాడు, దబాయించేవాడు ఇద్దరూ ఇక్కడ సమానమైపోతారు, ఎందుకంటే ఊహించి చెప్పేవారికి సగం సార్లకు మించి సరికాదు. చారల కాంట్రాస్ట్ తగ్గిస్తూ పోతే సరైన జవాబులు 100 శాతం నుంచి 50 శాతం వైపు దిగుతాయి. ఆ రెంటి మధ్య 75 శాతం దగ్గర ఉన్న కాంట్రాస్ట్‌ను కనిపించే కనీస హద్దుగా తీసుకోవడం వాడుక.

ప్రతి మెట్టునూ పదేపదే చూపిస్తే మీ మిత్రులు విసిగిపోతారు కనుక మెట్ల పద్ధతి వాడండి. వరుసగా రెండు జవాబులు సరైతే కాంట్రాస్ట్‌ను ఒక మెట్టు దించాలి, ఒక్కటి తప్పినా ఒక మెట్టు పెంచాలి. కాసేపటికి ఆ మెట్లు 70.7 శాతం సరైన జవాబులు వచ్చే చోట అటూ ఇటూ ఊగుతాయని 1971లో లెవిట్ చూపించారు. దిగుడు ఎక్కుడుగా, ఎక్కుడు దిగుడుగా మారిన చోట్ల విలువలను సగటు చేస్తే ఆ మనిషి హద్దు మీ చేతికి వస్తుంది.

చారల వెడల్పును నిర్లక్ష్యం చేయకండి. కన్ను అన్ని చారలనూ ఒకేలా పట్టుకోదు. చూపుకోణంలో ఒక డిగ్రీకి 3 నుంచి 5 జతల చారలు ఉన్నప్పుడు అది అతి లేత తేడాను కూడా పసిగడుతుంది. చారలు మరీ వెడల్పైనా, మరీ సన్నమైనా ఆ చురుకు తగ్గుతుంది. ఒక డిగ్రీకి 50, 60 జతలు దాటితే నల్లటి నలుపు, తెల్లటి తెలుపు చారలు కూడా బూడిదరంగై కలిసిపోతాయి. 1968లో క్యాంప్‌బెల్, రాబ్సన్ ఈ గుణాన్ని వివరంగా కొలిచారు. మీ కొలతకు ఒక చిన్న సౌలభ్యం ఉంది: కన్ను తెరకు 57 సెంటీమీటర్ల దూరంలో ఉంటే తెర మీది 1 సెంటీమీటరు దాదాపు 1 డిగ్రీ అవుతుంది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో సెంటీమీటరుకు సుమారు 36 పిక్సెళ్లుంటాయి కాబట్టి, ఒక చారల జతకు 9 పిక్సెళ్లు కేటాయిస్తే డిగ్రీకి 4 జతలు వస్తాయి. కుర్చీ కదలకుండా నేల మీద గుర్తు పెట్టి, గడ్డం ఆనించడానికి పుస్తకాల దొంతరైనా పెట్టండి. మనిషి ముందుకు వంగితే మీ లెక్కంతా మారిపోతుంది.

ఇక చాలా ప్రాజెక్టులు దెబ్బతినే చోటు ఒకటి చెప్పాలి. సాధారణ తెరకు 256 మెట్లే ఉన్నాయి. మధ్యలో 128కీ 129కీ మధ్య కాంతి తేడా 1.7 శాతం, ఆ రెంటితో గీసిన చారల మైకెల్సన్ కాంట్రాస్ట్ సుమారు 0.84 శాతం. అనుకూలమైన వెడల్పులో ఆరోగ్యవంతమైన కన్ను 0.5 శాతాన్ని కూడా పట్టుకోగలదు. అంటే మీ మిత్రులకు ఇంకా కనిపిస్తూ ఉండగానే తెర దగ్గర మెట్లు అయిపోతాయి. పక్కపక్క పిక్సెళ్లను యాదృచ్ఛికంగా ఒక మెట్టు అటూ ఇటూ జరిపి సగటు మీద సన్నని తేడాలను రాబట్టే ఉపాయం ఉంది, దానిని తప్పక వాడండి. ఆటోమేటిక్ బ్రైట్‌నెస్, రాత్రిపూట తెరను పసుపుగా మార్చే ఏర్పాటు, తెర తనంతట తాను చేసుకునే కాంట్రాస్ట్ సవరణ, అన్నిటినీ ఆపివేయండి. చూసేవారిని మసక గదిలో కొద్ది నిమిషాలు కూర్చోబెట్టి, కళ్లు అలవాటు పడ్డాకే మొదలుపెట్టండి.

ఇంతవరకు చెప్పినది కనిపించే హద్దు గురించి. మీ ప్రోగ్రామ్ మాత్రం ఇప్పటికే బాగా కనిపిస్తున్న ఫోటోలను మారుస్తున్నది. ఆ స్థాయిలో కన్ను మరోలా ప్రవర్తిస్తుంది: హద్దు దగ్గర సన్నచారలకూ వెడల్పు చారలకూ అంత తేడా ఉన్నా, హద్దుకు బాగా పైన రెండింటి కాంట్రాస్టూ దాదాపు సమానంగానే కనిపిస్తుందని 1975లో జార్జిసన్, సల్లివాన్ చూపించారు. కాబట్టి హద్దు కొలిచి, దాని మీద ఫోటో నాణ్యతను తేల్చకూడదు. ఫోటోల కోసం జతలుగా పోల్చడం మేలు. ఒకేసారి రెండు ప్రతులు పెట్టి, దేనిలో కాంట్రాస్ట్ ఎక్కువగా కనిపిస్తున్నదని అడగండి, ఏది బాగుందని అడగవద్దు. ఆ రెండు ప్రశ్నలకూ వేరువేరు జవాబులు రావడం మీరే చూస్తారు. ఇలాంటి పోలికల నుంచి ఒక కొలబద్దను తయారుచేసే లెక్కను 1927లో థర్‌స్టన్ ఇచ్చారు. టీవీ బొమ్మల నాణ్యతకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య ఇచ్చిన బీటీ.500 సిఫారసు కనీసం 15 మంది పరిశీలకులు ఉండాలంటుంది. మీ 15 మందీ హాస్టల్ కుర్రవాళ్లే కాకుండా, అందులో నడివయసువారు, పెద్దవారు కూడా ఉండేలా చూడండి. ఎందుకో ఇంకాస్త కింద ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుని ఉత్తరం చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో పిల్లలకు చిత్రలేఖనం నేర్పుతాను. కంప్యూటర్‌లో ఒకే బూడిదరంగు చతురస్రాన్ని నల్లని గడిలో ఒకటి, తెల్లని గడిలో ఒకటి పెడితే, తెల్లదానిలోది ముదురుగా కనిపిస్తుంది. రంగు చూపే పరికరంతో చూస్తే రెండింటికీ విలువ ఒకటే. ఏది నమ్మాలి?

జవాబు: రెండింటినీ నమ్మవచ్చు. పరికరం ఆ చతురస్రం నుంచి వచ్చే కాంతిని చెబుతున్నది, మీ కన్ను దాని పరిసరాలతో పోల్చి చెబుతున్నది. గోబెలిన్ తివాచీల కర్మాగారంలో అద్దకపు పనిని పర్యవేక్షించిన ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రెల్, నల్లదారం పేలవంగా ఉందన్న ఫిర్యాదుకు కారణం దారంలో కాక, పక్కనున్న రంగులలో ఉందని గుర్తించి, 1839లో దీని మీద పెద్ద గ్రంథమే రాశారు. మీ పిల్లలకు చూపడానికి, ఆ రెండు చతురస్రాలనూ కలుపుతూ అదే బూడిదరంగులో ఒక పట్టీ గీయండి. తేడా చాలావరకు కరిగిపోతుంది.

ప్రశ్న: విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్న రిటైర్డ్ ఉపాధ్యాయుడిని. కంటి పరీక్షలో 6/6 వచ్చింది, చూపు బాగుందన్నారు. కాని ఫోన్‌లో కరెంటు బిల్లు కట్టే చోట, టికెట్ కొనే చోట తెల్ల నేపథ్యం మీద లేత బూడిదరంగు అక్షరాలు నాకు ఆనడం లేదు. మా మనవడు మాత్రం చదివేస్తున్నాడు. లోపం నా కంటిలోనా, ఫోన్‌లోనా?

జవాబు: మాస్టారూ, ముందుగా ఒక మాట. ఆసుపత్రి గోడ మీది బోర్డులో అక్షరాలు చిన్నవవుతూ పోతాయి గాని, చివరి వరుస దాకా కారునలుపే. 6/6 అంటే చిన్న అక్షరం చదవగలరని అర్థం, లేత అక్షరం చదవగలరని కాదు. లేత అక్షరాల కోసం వేరే బోర్డు ఉంది. 1988లో పెల్లి, రాబ్సన్ తయారుచేసిన ఆ బోర్డులో అక్షరాలన్నీ ఒకే పరిమాణంలో, మూడేసి చొప్పున ఉంటాయి. ఒక మూడింటి నుంచి తరువాతి మూడింటికి కాంట్రాస్ట్ సుమారు 30 శాతం తగ్గుతుంది. మీటరు దూరం నుంచి చదివిస్తారు. మూడింటిలో రెండు సరిగా చెప్పగలిగిన చివరి గుంపును బట్టి చూపును లెక్కిస్తారు. మీకు ఆ పరీక్ష చేయించమని డాక్టరు గారిని అడగండి. ముదరని శుక్లం, గ్లకోమా, మధుమేహం వల్ల కంటికి వచ్చే మార్పులు 6/6 చూపును చెడగొట్టకముందే ఈ శక్తిని తగ్గించగలవు కనుక ఇది ఆలస్యం చేయదగిన విషయం కాదు.

ఏ జబ్బూ లేకపోయినా వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపుబారుతుంది. 60 ఏళ్లవారి కంటి వెనుక పొరకు చేరే వెలుతురు, 20 ఏళ్లవారికి చేరే వెలుతురులో మూడో వంతు మాత్రమే. మీ మనవడూ మీరూ ఒకే ఫోన్ చూస్తున్నా, మీ ఇద్దరి కళ్లకూ ఒకే బొమ్మ చేరడం లేదు.

ఫోన్‌లో లోపం కూడా తప్పకుండా ఉంది, దీనిని గట్టిగానే చెప్పాలనుకుంటున్నాను. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మామూలు పరిమాణంలోని అక్షరాలకు, నేపథ్యానికి మధ్య కాంతి నిష్పత్తి కనీసం 4.5 ఉండాలి. కారునలుపు, పూర్తి తెలుపు మధ్య అది 21. ఆ 4.5 ఊరికే పెట్టినది కాదు. సుమారు 80 ఏళ్ల వృద్ధులలో సాధారణమైన 6/12 చూపుతో వచ్చే కాంట్రాస్ట్ నష్టాన్ని లెక్కగట్టి పెట్టినది. తెల్లని తెర మీద 170 విలువ గల బూడిదరంగు అక్షరాలకు ఈ నిష్పత్తి 2.32 మాత్రమే. 118 విలువ వరకు ముదురు చేస్తేనే 4.5 దాటుతుంది. ఏసీ గదిలో, ఖరీదైన మానిటర్ ముందు కూర్చున్న పాతికేళ్ల డిజైనర్‌కు సొగసుగా తోచిన లేతదనానికి, డబ్బు కట్టవలసిన పెద్దవారు ఇబ్బంది పడడం అన్యాయం. ప్రస్తుతానికి మీ ఫోన్ సెట్టింగులలో యాక్సెసిబిలిటీ విభాగంలోకి వెళ్లి, అక్షరాల కాంట్రాస్ట్ పెంచే మీటను ఆన్ చేయించుకోండి. అక్షరాలను కాస్త పెద్దవి చేసుకోవడం కూడా లేత అక్షరానికి మేలు చేస్తుంది.

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలో ఫ్లెక్సీలు ప్రింట్ చేస్తాము. ఆకుపచ్చ నేపథ్యం మీద ఎర్ర అక్షరాలు కావాలని కొందరు పట్టుబడతారు. కంప్యూటర్‌లో కళ్లు చెదిరేలా ఉంటుంది గాని, కట్టాక రోడ్డు అవతలి నుంచి పేరు కూడా చదవలేకపోతున్నామంటారు. రంగులు అంత వేరుగా ఉన్నా ఇలా ఎందుకు జరుగుతుంది?

జవాబు: రంగులు వేరైనా వాటి కాంతులు దగ్గరగా ఉండడమే కారణం. తెర మీద తెలుపు కాంతిలో ఎరుపు వాటా 21 శాతం, ఆకుపచ్చ వాటా 72 శాతం, నీలం వాటా 7 శాతం. పూర్తి ఎరుపు అక్షరాన్ని 128 విలువ గల ఆకుపచ్చ మీద పెడితే, పై ఉత్తరంలో చెప్పిన నిష్పత్తి 1.28 మాత్రమే వస్తుంది. సన్నని వివరాన్ని కన్ను వెలుగునీడల తేడాతోనే పట్టుకుంటుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడా మాత్రమే ఉన్న చారలు డిగ్రీకి 12 జతలు దాటేసరికే కలిసిపోతాయి. దగ్గర నుంచి పెద్దగా కనిపించే అక్షరం రోడ్డు అవతలికి వెళ్లేసరికి ఆ హద్దు దాటుతుంది. ఎరుపు, ఆకుపచ్చలను వేరుచేసి చూడలేనివారికి దగ్గర నుంచి కూడా కష్టమే.

అదే ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు పెడితే నిష్పత్తి 4.78 అవుతుంది. ఎరుపే కావాలని పట్టుబడితే అక్షరం చుట్టూ మందమైన తెల్ల అంచు ఇవ్వండి. ఫ్లెక్సీ మీది సిరా రంగులు తెర మీది రంగులతో పూర్తిగా సరిపోలవు కనుక ఈ అంకెలను ఉజ్జాయింపుగా తీసుకోవాలి. ప్రింటుకు పంపేముందు డిజైన్‌ను నలుపు తెలుపులోకి మార్చి, తెర మీద వేలెడంత చేసి, నాలుగడుగులు వెనక్కి నిలబడి చదవమని ఆ పార్టీనే అడగండి. చదవలేకపోతే రంగు మార్చడానికి వాళ్లే ఒప్పుకుంటారు.